కారుకు పీపీఎఫ్ మనమే వేసుకుందాం – నాలుగో పాఠం: షాంపూ చుక్కలు, అద్దం వీపు

ఈ పాఠంలో పక్క అద్దాల వీపు మీద, అంటే అద్దం వెనక పెయింటు వేసిన తొడుగు మీద, పీపీఎఫ్ (పెయింటుకు గీతలు పడకుండా కాపాడే పారదర్శక ఫిల్మ్) వేయడం నేర్చుకుందామని గతసారి మాట ఇచ్చాను. ఆ మాట నిలబెట్టుకుంటాను గానీ, అంతకంటే ముందు డోర్ కప్పుల సంగతి తేల్చాలి. తలుపు హ్యాండిల్ వెనక గోళ్ళ గీతలు పడే ఆ గుంటలో ఫిల్మ్ వేసిన చాలామంది, మర్నాటికే అంచులు లేచిపోయాయనీ, అంచుల వెంట పాలలాంటి తెల్లని గీత కనిపిస్తోందనీ రాశారు. కొందరికి నాలుగు రోజుల తరవాత ఫిల్మ్ కింద తెల్లటి చుక్కలు తేలాయి. ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా చూశాను. ఫిల్మ్‌లో లోపం లేదు, మీ చేతుల్లోనూ లేదు. లోపమంతా స్ప్రే సీసాలో ఉంది. గత పాఠంలో ‘నీళ్ళలో కాస్త బేబీ షాంపూ కలపండి’ అని ఒక్క ముక్కలో దాటవేశాను. ‘కాస్త’ అంటే ఎంతో చెప్పకపోవడం నా పొరపాటు.

షాంపూ నీళ్ళు ఏం చేస్తాయో ముందు అర్థం చేసుకోవాలి. పీపీఎఫ్ వెనక ఉండే జిగురు ఒత్తిడికి పట్టుకునే రకం, తాకిన చోట వెంటనే అతుక్కుంటుంది. జిగురుకీ పెయింటుకీ నడుమ పలచని జారుడు పొర ఉంటేనే ముక్కను అటూ ఇటూ జరిపి సరైన చోట కూర్చోబెట్టగలం. కూర్చోబెట్టాక స్క్వీజీతో (నీళ్ళు తోసే చదునైన పలకతో) ఆ పొరను బయటికి తోసేస్తాం. నీళ్ళు పోయిన చోట జిగురు పెయింటును పట్టుకుంటుంది. అంటే నీళ్ళు ఉన్నంతసేపు మనకు సాయం, పని అయ్యాక అడ్డు. నీళ్ళయితే స్క్వీజీకి లొంగి బయటికి పోతాయి, మిగిలిన తడి కొద్ది రోజుల్లో ఆరిపోతుంది. షాంపూ అలా ఆరిపోదు. ఎక్కువ వేసిన షాంపూ జిగురు మీదే పొరలా నిలిచిపోతుంది. అంచుల దగ్గర ఈ నష్టం మరీ ఎక్కువ, ఎందుకంటే మధ్యనుంచి తోసిన షాంపూ అంతా చివరికి అంచుకే చేరుతుంది. మీరు చూసిన పాలగీత అదే.

‘కొంచెం ఎక్కువైతే ఏమవుతుంది, ఇంకా బాగా జారుతుంది కదా’ అనే ఆలోచన దగ్గరే నాకు చిరాకు కలుగుతుంది. దీని మీద వాదించే బదులు మొన్న ఆదివారం ఉదయం మా కారు డిక్కీ మూత మీద ఒకే రోల్ నుంచి కత్తిరించిన రెండు అరచేతి ముక్కలు వేసి చూశాను. మొదటి సీసాలో లీటరు నీళ్ళకు ఐదు చుక్కల షాంపూ, రెండో సీసాలో లీటరుకు ఒక మూతెడు. వేస్తున్నప్పుడు రెండో ముక్కే హాయిగా జారింది, నిజమే. కానీ స్క్వీజీ లాగిన ప్రతిసారీ అది కూడా స్క్వీజీ వెంట కదిలింది, మూల ఒకటి నొక్కితే ఎదుటి మూల జరిగింది. మర్నాడు గోరు పెట్టి చూస్తే మొదటి ముక్క అంచు కదల్లేదు. రెండోది తడిసిన స్టాంపులా ఊడివచ్చింది, వేలికి జిడ్డు తగిలింది. మూతెడు షాంపూకీ ఐదు చుక్కలకీ తేడా ఇంతే అనుకోకండి. బంపర్ మీద అయితే ఆ అంచు కిందికి దుమ్ము చేరి నల్లని గీత కడుతుంది, ఆ గీత ఇక పోదు.

కాబట్టి లీటరు నీళ్ళకు ఐదారు చుక్కలు, అంతకు మించవద్దు. కండిషనర్ కలిసిన షాంపూ వద్దు, గిన్నెలు తోమే ద్రవం అసలే వద్దు. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి రెండు వేళ్ళను ఆ నీళ్ళలో తడిపి రుద్దండి. వేళ్ళు జారాలి, నురగ మాత్రం నిలవకూడదు. ముక్క మరీ త్వరగా పట్టేస్తోందని అనిపిస్తే షాంపూ పెంచకండి, నీళ్ళు ఎక్కువ చల్లండి. రెండూ ఒకటి కావు.

ఇక తెల్లటి చుక్కలు. ఇవి బోరు నీళ్ళవల్ల వచ్చినవి. మన ఊళ్ళలో బోరు నీళ్ళు పోసిన బకెట్ అడుగున తెల్లని పొర కట్టడం అందరికీ తెలిసిందే. ఆ ఉప్పులే ఫిల్మ్ కింద నీరు ఆరాక మిగిలిపోతాయి, పైనుంచి ఎంత తుడిచినా పోవు. ఇద్దరు ముగ్గురు జాగ్రత్తపడి ఆర్‌ఓ యంత్రం నీళ్ళే వాడామని రాశారు. అడిగితే తెలిసింది, వాళ్ళు వాడింది యంత్రం పక్క గొట్టంలోంచి బకెట్‌లోకి వదిలే నీళ్ళు. కారు కడగడానికి ఆ నీళ్ళు దాచుకునే అలవాటు మంచిదే, కానీ ఆర్‌ఓ వడగట్టిన ఉప్పులన్నీ ఆ నీళ్ళలోనే ఉంటాయి, అవి బోరు నీళ్ళకంటే చిక్కన. తాగే గొట్టం నీళ్ళు వాడండి, లేదా బ్యాటరీల కోసం అమ్మే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. నేను ఎప్పుడూ రెండోదే వాడతాను.

ఇప్పుడు అద్దం వీపు. కడగడం, క్లే బార్ (పెయింటుకు అంటుకున్న మురికిని లాగే మెత్తని ముద్ద) రుద్దడం, ఆరబెట్టడం రెండో పాఠంలో చెప్పినట్టే. తెల్లవారుజామున, నీడలో పని పెట్టుకోండి. వీపు మీద అరచేయి ఆనించి ఐదు సెకన్లు ఉంచలేనంత వేడిగా ఉంటే ఆ పూట వదిలేయండి. పని చేసే చోట వాకిట్లో కళ్ళాపి చల్లినట్టు నేల మీద నీళ్ళు చల్లితే దుమ్ము లేవదు.

అద్దం వీపు రెండు దిక్కుల్లోనూ వంపు తిరిగి ఉంటుంది, ఫిల్మ్ చదునుగా ఉంటుంది. ఎక్కడో ఒకచోట ఎక్కువైన ఫిల్మ్ ముడతలు పడక తప్పదు. ఆ ముడతలను అంచులకు తోసి, అక్కడ కత్తిరించడమే ఈ పాఠంలోని విద్య. చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పు ఎక్కువ ఉండేలా ముక్క కోసుకోండి. వీపునీ, చేతివేళ్ళనీ, లైనర్ (జిగురు మీద ఉండే కాగితం లాంటి పొర) తీస్తూ జిగురువైపునీ బాగా తడపండి. ముక్కను పరిచి నడుమ ఒక అరచేతి మేర మాత్రం స్క్వీజీతో నీళ్ళు తీసి, అక్కడ పట్టు కుదరనివ్వండి. తరవాత రెండు చివరలనూ రెండు చేతులతో ఒకేసారి, సమానంగా, వంపు వెంట మెల్లగా లాగండి. ముడత కనిపించగానే దాని మీద స్క్వీజీ నడపకండి, నడిపితే మడత పడి ఆ గుర్తు ఉండిపోతుంది. అక్కడ ఫిల్మ్ ఎత్తి, మళ్ళీ తడిపి, లాగే దిక్కు మార్చండి.

హీట్ గన్ ముడత వదలడానికే తప్ప ఫిల్మ్‌ను సాగదీయడానికి కాదు. పీపీఎఫ్ టీపీయూ అనే సాగే ప్లాస్టిక్‌తో చేసింది, సాగిన టీపీయూ ఫిల్మ్‌కు మళ్ళీ ముడుచుకునే గుణం ఉంది. బలవంతంగా అంచు దాకా లాగి అతికించిన ముక్క ఎండలో రెండు రోజులు ఉంటే వెనక్కి వస్తుంది. అతుక్కోని మొండి అంచుకు ఒక పాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నాలుగు పాళ్ళు నీళ్ళు కలిపి ఆ అంచు కిందికి మాత్రం చల్లితే, మిగిలిన షాంపూ కడుక్కుపోయి జిగురు పట్టుకుంటుంది. ఆల్కహాల్ మండుతుంది కాబట్టి, తడి ఆరేదాకా హీట్ గన్ పక్కన పెట్టండి.

కత్తిరించడానికి పెయింటు మీద బ్లేడు ఆనించకండి. నేను నైఫ్‌లెస్ టేప్ ముందే అంటించి, దాని దారం లాగి కోస్తాను. ఖర్చు కొంచెం ఎక్కువే అయినా, పెయింటు మీద గీత పడ్డాక చేసేదేమీ లేదు కనుక ఇందులో పొదుపు చేయను. రెండు రోజులు కడగకండి. లోపల చిన్న నీటి బుడగలు కనిపిస్తే సూది గుచ్చకండి, వాటంతట అవే పోతాయి. నొక్కితే మళ్ళీ అదే చోట ఉబ్బేది గాలి బుడగ, పక్కకు జరిగేది నీరు.

సాధనకు ఇంట్లోని స్టీలు చెంబు చాలు, దాని పొట్ట వంపు అద్దం వీపు వంపు లాంటిదే. పాడైన ముక్కలతో చెంబు పొట్ట మీద ఐదుసార్లు వేయండి. ప్రతి ముక్కనూ రెండు రోజులు ఉంచి అంచు గోరుతో గీకి చూశాకే తీసి, తరవాతది వేయండి. అంటే పది రోజుల పని. ఐదో ముక్క అంచు లేవకపోతే కారు దగ్గరికి వెళ్ళి ఎడమ అద్దంతో మొదలుపెట్టండి. రోజూ మీరు కారెక్కేటప్పుడు కళ్ళముందు ఉండేది కుడి అద్దం, దానిని చెయ్యి ఇంకాస్త కుదిరాక వేద్దురు గాని.