ప్లమ్ ఆకుల డబ్బా ల్యాబ్‌కు వచ్చే ముందు

హిమాచల్ తోటల్లో ప్లమ్ చిగుళ్లు వేసే రోజులకు హైదరాబాద్‌లో ఎండలు ముదురుతాయి. ఐసోజైమ్ బ్యాండ్లతో (ఒకే పని చేసే ఎంజైము వేర్వేరు రూపాలు, కరెంటుతో విడదీసే జెల్ పలకపై వేసే గీతలతో) రకాలను విడదీయబోయే పీజీ పిల్లలకు ఈ నాలుగు మాటలు.

– ఆకు అంటుకు పైనున్న కొమ్మదే కావాలి. చెట్టు మొదట్లో లేచే పిలకలు వేరుమూలానివి, అంటే అంటు కింద ఉన్న వేరే చెట్టువి. వాటి ఆకు తెచ్చి 'శాంటా రోజా' అని ప్లమ్ రకం పేరు చీటీ అంటిస్తే, జెల్ ఎంత ముద్దుగా వచ్చినా ఫలితం వేరే చెట్టుది. కోసేవాళ్లకు మాటలతో సరిపెట్టకుండా ఫొటో పంపండి.

– డబ్బా శంషాబాద్‌లో దిగగానే మీరే వెళ్లి తెచ్చుకోండి. ఐస్ కరిగితే ఎంజైమ్ పని ఆగిపోతుంది, బ్యాండ్ పడదు.

– ఆకు రుబ్బే బఫర్ ద్రావణంలో పీవీపీ, మెర్కాప్టోఇథనాల్ మరవకండి; ఫినాల్స్ నుంచి ఎంజైములను కాపాడే రసాయనాలివి. ప్లమ్ ఆకులో ఫినాల్స్ ఎక్కువ, అవి ఎంజైములను పట్టేస్తాయి. పసరు గోధుమరంగు తిరిగిందా, మొహమాటపడకుండా పారబోయండి.

– అన్ని రకాలకూ ఒకే వయసు ఆకు. పెరాక్సిడేజ్ అనే ఎంజైము ముదురుకూ లేతకూ మారిపోతుంది. ఆ ఒక్కదాన్నే నమ్ముకోవడం నాకు నచ్చదు.

– జపనీస్ ప్లమ్‌కు క్రోమోజోములు 16, యూరోపియన్‌కు 48. రెండోదానిలో ఆరు సెట్లు కాబట్టి బ్యాండ్లు గజిబిజిగా ఉంటాయి. రెంటినీ ఒకే లెక్కన చదవకండి.

– ప్రతి జెల్‌లో తెలిసిన రకానికి ఒక లేన్ (వరుస) ఉంచండి. లేకపోతే నిన్నటి జెల్‌తో ఇవాళ్టిది పోల్చలేరు.

– మొగ్గ మార్పుతో (ఒక కొమ్మ మొగ్గలో దానంతటదే వచ్చిన జన్యు మార్పుతో) పుట్టిన రకాలు తల్లిరకంలాగే కనబడొచ్చు. బ్యాండ్లు కలిశాయని ఒకటే రకమని రాసేయకండి.