నల్లరేగడి, పటిక, ఒక ఫోను: తొమ్మిదో తరగతితో నీళ్ల ప్రయోగం ఎట్ల చేయాలె

మా బడికి పెద్ద టచ్ ప్యానల్ వచ్చిన కొత్తల నీళ్ల శుద్ధి పాఠం మొత్తం వీడియోలనే చూపిచ్చేసిన. పిల్లలు మస్తు చూసిన్రు. తెల్లారి "పటిక ఏస్తే నీళ్లు తేటపడనీకి ఎంతసేపు పడతది" అని అడిగితే ఒకడు లేచి "రెండు నిమిషాలు సార్" అన్నడు, ఎందుకంటే వీడియోల అంతే పట్టింది. వానిదేం తప్పు లేదు, నాదే. అప్పటిసంది ముందు చెయ్యి, తర్వాతనే స్క్రీను.

కావాల్సినయ్ అన్నీ నల్లగొండల దొరికేటియే. మెడ కోసేసిన లీటరు ప్లాస్టిక్ సీసాలు నాలుగు, కిరాణంల పటిక, మెడికల్ షాపుల సూది లేని 5 మిల్లీలీటర్ల సిరంజి. మట్టి మాత్రం నల్లరేగడే తెప్పియ్యండి. చెల్క మట్టిల ఇసుక ఎక్కువ, దానంతటదే దిగిపోతది, ఇగ పటిక పని ఏం కనపడదు. రేగడిల సన్న బంక కణాలకు ఋణావేశం ఉంటది, ఒకదాన్నొకటి తోసుకుంటయ్, అందుకే రాత్రంతా ఉంచినా నీళ్లు తేటపడయ్. ముందురోజు సాయంత్రం బకెట్ల కలిపిపెట్టి పొద్దున పైనీళ్లు మాత్రమే నాలుగు సీసాలల్ల పోయండి.

10 గ్రాముల పటిక దంచి లీటరు నీళ్లల్ల కరిగిస్తే ఒక్కో మిల్లీలీటరుల 10 మిల్లీగ్రాములు ఉన్నట్టు. ఈ లెక్క మీరు చెప్పకండి, పిల్లలనే తేల్చనియ్యండి, మా క్లాసుల పది నిమిషాలు కొట్లాడిన్రు దీనిమీద. మొదటి సీసాల ఏం వద్దు. మిగతా మూడింట్ల 2, 4, 8 మిల్లీలీటర్లు.

అసలు కిటుకు కలపుడుల ఉంది. ఒక్క నిమిషం జోరుగ తిప్పాలె, తర్వాత పది నిమిషాలు మెల్లగ, స్కేలుతో, నీళ్లు కదిలీ కదలనట్టు. అప్పుడు చిన్న చిన్న పత్తి పింజల లెక్క కడతయ్. మొదటిసారి మా పిల్లగాండ్లు మజ్జిగ చిలికినట్టు చిలికితే కట్టిన పింజలన్నీ పగిలిపోయినయ్, గంట కొట్టింది, నీళ్లు అట్లనే మురికిగ ఉన్నయ్. తర్వాత అరగంట ముట్టుకోవద్దు. రెండు పీరియడ్లు కలిపి తీసుకుంటేనే అయితది, లెక్కల సార్‌ను ముందే బతిమిలాడుకోండి.

ఇప్పుడు ఫోను. ఇటుకకు ఆనిచ్చి టైమ్ ల్యాప్స్ పెట్టండి, సీసాకు కాగితం స్కేలు అంటియ్యండి, పక్కన ఒక గడియారం కూడ ఫ్రేముల ఉండాలె, లేకుంటే మళ్ల అదే రెండు నిమిషాల కథ. ఇంకో ఫోన్ టార్చి పక్కనుంచి కొడితే మురికి సీసాల వెలుగు గీత లెక్క కనపడతది, తేటపడ్డదాంట్ల పలచబడతది. టిండాల్ ప్రభావం అంటే గదే. మరునాడు వీడియోను పెన్ డ్రైవ్‌ల ప్యానల్‌కు ఎక్కించి, గడియారంల ఐదు నిమిషాలకోసారి ఆపి, మడ్డి ఎంత ఎత్తుందో చదివి గ్రాఫ్ గీయించండి. ప్యానల్ ఉన్నందుకు నాకు నిజంగ పనికొచ్చింది గిక్కడనే.

"సార్, తాగొచ్చా?" అని ఎవరో ఒకరు అడుగుతరు. వద్దని చెప్పి, ఎందుకో ఆగి చెప్పండి: నీళ్లు తేటపడితే మురికి పోయినట్టే గని, పండ్లు, బొక్కలు పాడుచేసే ఫ్లోరైడ్ పోయినట్టు కాదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే ఉంది, నల్లగొండ టెక్నిక్, నాగ్‌పూర్‌ల ఉన్న నీరి (NEERI) అనే పరిశోధన సంస్థోళ్లు 1970లల్ల తెచ్చిన్రు. కానీ దానికి మురికి దించే మోతాదు కంటే చాన ఎక్కువ పటిక కావాలె. పైగా ఫ్లోరైడ్ కంటికి కనపడదు, టార్చికీ కనపడదు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలె, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాక. అది చూడాలంటే రంగు మారే టెస్ట్ కిట్ కావాలె, మీ ఊరి పంచాయతీల ఉందేమో అడగండి.

మేము కిట్ తెచ్చిన రోజు పిల్లలు ఇండ్లనుంచి బోరు నీళ్లు పట్టుకొచ్చిన్రు. మర్రిగూడ దిక్కు నుంచి వచ్చే పిల్ల సీసా అన్నిట్లకన్నా తేటగ ఉంది, అందరు అదే మంచిదని చేతులెత్తిన్రు. కిట్ల రంగు 1.5 గడి దాటిపోయింది.