కోనసీమ ఉక్కపోతలో అంజూర పరిమళాన్ని నిలుపుకున్న విధం

నేను వాడే ఫిలోసికోస్ అనే అంజూర సెంటును దిప్తిక్ సంస్థ 1996లో విడుదల చేసింది. దానినీ, అంతకుముందు 1994లో వచ్చిన ప్రీమియే ఫిగ్యే అనే మరో అంజూర సెంటునూ రూపొందించినది ఒలివియా జకొబెట్టీయే. పండు తీపి కంటే చెట్టు వాసనను, అంటే నలిపిన ఆకు పచ్చిదనాన్ని, తుంచిన కాడ నుంచి కారే తెల్లని పాల చిరుచేదును పట్టుకోవడమే ఈ రెండింటి గొప్పతనమని నా అభిప్రాయం. అమలాపురం వేసవిలో మాత్రం మణికట్టుపై చల్లుకున్న కాసేపటికే ఆ పచ్చిదనం ఎగిరిపోయి, కొబ్బరిపాల తీపి ఒక్కటే మిగిలి మొహం మొత్తేది.

పచ్చి ఆకు వాసననిచ్చే సిస్-3-హెక్సెనాల్ వంటి తేలికపాటి పదార్థాలు చర్మపు వేడికి త్వరగా ఆవిరవుతాయి. కొబ్బరి వాసననిచ్చే గామా-నోనాలాక్టోన్ వంటివి వాటికన్నా ఎక్కువసేపు అంటిపెట్టుకొని ఉంటాయి. దానికి తోడు మా ప్రాంతంలో తలకు కొబ్బరినూనె తప్పనిసరి.

అందువల్ల తలనూనెను రాత్రి పూటకు మార్చుకున్నాను. ఉదయం స్నానం చేసి ఒళ్లు పూర్తిగా ఆరాక, మెడను, చేతులను వదిలి, భుజం మీది నూలు కండువా అంచుకు జానెడు దూరం నుంచి ఒక్కసారి చల్లుతున్నాను. బట్ట చర్మమంత వేడెక్కదు కనుక ఆకు వాసన ఇప్పుడు మధ్యాహ్నం దాకా తెలుస్తోంది. పట్టుబట్టలపై మరక పడవచ్చు కాబట్టి వాటిపై చల్లను. సీసాను ఎండ తగలకుండా బీరువాలో ఉంచుతాను.

అంజూర ఆకునే నలిపి ఒంటికి రాసుకోవడం మాత్రం ఎవరికీ తగదు. దాని పాలలోని ఫ్యూరోకూమరిన్లు అనే రసాయనాల వల్ల, ఎండ తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది.