పిల్లలకు మర్యాద మాటలు – 4వ పాఠం: ‘అండి’ ఎవరికి?

పోయిన పాఠంలో మాట చివర ‘అండి’ చేర్చడం అలవాటు చెయ్యమన్నాను. అది ఎవరికి చెందుతుందో చెప్పకుండా వదిలేశాను. దాంతో చాలా ఇళ్లలో గందరగోళం అయింది.

ఒక ఇంట్లో నాలుగేళ్ల పాప, వచ్చిన పెద్దాయనతో "కుక్క మొరిగిందండీ" అంది. అందరూ ఘొల్లున నవ్వారు. "కుక్కకి అండి ఏంటే!" అన్నారు. పాప మొహం చిన్నబోయింది. ఆ తర్వాత ఆయన ఏమడిగినా తలూపిందే తప్ప నోరు విప్పలేదు.

నిజానికి పాప అన్నదే సరైన మాట. ‘అండి’ వినేవాళ్లకిచ్చే గౌరవం. ఎవరి గురించి చెబుతున్నామో వాళ్లకిచ్చే గౌరవం ‘వచ్చారు’లోని ‘రు’లో ఉంటుంది. "తాతయ్య వచ్చాడండీ" అంటే వింటున్నాయనకి మర్యాద దక్కింది, తాతయ్యకి దక్కలేదు. తమ్ముడితో "తాతయ్య వచ్చారు" అంటే చాలు. అదే పక్కింటాయనతో అయితే "తాతయ్య వచ్చారండీ". కుక్కకి ‘మొరిగింది’ సరిపోతుంది, వినే పెద్దాయనకి ‘అండి’ కావాలి. పాప రెండూ ఎక్కడివక్కడ పెట్టింది.

ఇదంతా పిల్లలకి వివరించకండి. మీకు తెలిస్తే చాలు, నవ్వకుండా ఉంటారు. నిజంగా తప్పు మాట్లాడినా "అలా కాదు" అనొద్దు. "తాతయ్య వచ్చాడు" అంటే "అవునా, తాతయ్య వచ్చారా?" అని బదులివ్వండి. సరైన మాట చెవిన పడుతుంది. నలుగురిలో నిలబెట్టి "ఏదీ, మళ్లీ చెప్పు, అండి అను" అని పట్టుబట్టడం నాకు అస్సలు నచ్చదు. మర్యాదంటేనే టెన్షన్ పుడుతుంది. మనుషులొస్తే తలుపు చాటుకి పోతారు.

అమ్మమ్మని ‘నువ్వు’ అనాలా, ‘మీరు’ అనాలా అంటే, మీ ఇంట్లో ఏది ఉంటే అదే. రోజుకో రకంగా మార్చకండి.

ఇంకొకటి. "నీళ్లివ్వండి" కన్నా "నీళ్లిస్తారా?" మెత్తగా ఉంటుంది. నేనైతే రెండోదే ముందు నేర్పుతాను.

అభ్యాసం ఈసారి పెద్దలకి. వారం రోజులపాటు, ఎదురుగా లేని పెద్దవాళ్ల గురించి కూడా ‘రు’ పెట్టే మాట్లాడండి. ఫోన్లో "తప్పకుండా రండి సార్" అని, పెట్టేశాక "వాడొస్తాడట" అంటే పక్కన బొమ్మలతో ఆడుకుంటున్న పిల్ల రెండూ వింటుంది. ఆయన గుమ్మంలోకి రాగానే "నాన్నా, వాడొచ్చాడు" అని కేకేస్తుంది. నోరు జారితే అక్కడే, పిల్లల ముందే ఆగి, "వస్తారట" అని దిద్దుకోండి.