మాటల జాడ – 4వ పాఠం: అవకాశం

గత పాఠం చివర ఇచ్చిన 'శిక్ష' అనే మాట చాలామందిని తడబరచింది. హిందీలో చదువును సూచించే ఈ మాట తెలుగులో దండన ఎందుకైందని అడిగితే, పూర్వం పంతుళ్లు బెత్తం పట్టి చదువు చెప్పేవారు కనుక అని ఎక్కువమంది రాశారు. కథ బాగానే ఉంది, ఆధారమే లేదు. 'ఉపాధ్యాయ శిక్షణ' అన్నప్పుడు నేర్పడం, 'దుష్టశిక్షణ' అన్నప్పుడు దండించడం ఒకే మాటలో నేటికీ మన తెలుగులోనే కలిసి బతుకుతున్నాయి. ఆ రెంటికీ నడుమ వంతెన 'దిద్దడం'. బెత్తంతో పని లేదు. మాట ఒంటరిగా ఉన్నప్పుడు పాత అర్థం రాలిపోయినా, సమాసాలలో అది చాలాకాలం నిలిచి ఉంటుంది కనుక, కథ అల్లడానికి ముందు సమాసాలు వెతకడం అలవాటు చేసుకోవాలి. నిఘంటువు చూడడం అందరికీ వచ్చుననుకొని ఆ సంగతి వదిలేస్తున్నాను.

ఈసారి మాట 'అవకాశం'. దీనిని 'అవ + ఆకాశం'గా విడదీసి, ఆకాశం కింద ఉన్న చోటు అని అర్థం చెప్పేవారు నాకు తరచుగా తారసపడుతుంటారు. ఈ పొరపాటు దగ్గర కాసేపు ఆగక తప్పదు. అవ, ఆకాశం కలిస్తే సవర్ణదీర్ఘసంధి వల్ల 'అవాకాశం' కావాలి. మన మాటలో 'వ'కు దీర్ఘం లేదు. మలయాళంలోని 'మనుష్యావకాశం' చూడండి: మనుష్య, అవకాశం కలిసినచోట దీర్ఘం స్పష్టంగా వినిపిస్తోంది, 'వ' మాత్రం అక్కడ కూడా హ్రస్వంగానే ఉంది. కాబట్టి విడదీయవలసినది 'అవ' అనే ఉపసర్గగా (మాట ముందు చేరే ముక్కగా), కనబడడం, ప్రకాశించడం అనే అర్థమున్న 'కాశ్' ధాతువుగా (క్రియకు మూలరూపంగా). ఆకాశం, ప్రకాశం ఈ ధాతువు నుంచే వచ్చాయి. అంటే ఆకాశం దీనికి తోబుట్టువే గాని తల్లి కాదు. విడదీసిన ముక్కలను సంధి సూత్రంతో మళ్లీ కలిపి చూడనిదే ఏ వ్యుత్పత్తినీ నమ్మకండి.

సంస్కృతంలో అవకాశమంటే మొదట ఖాళీ చోటు. మరాఠీ, గుజరాతీ భాషలలో ఆ చోటు భూమిని దాటి అంతరిక్షమైంది. అక్కడ అవకాశయానం అంటే రోదసిలోకి వెళ్లే నౌక. తమిళంలో చోటు కాలంగా మారి 'కాల అవకాశం' గడువైంది. బెంగాలీలో తీరిక. హిందీలో ఆ తీరిక కార్యాలయానికి చేరి సెలవుగా స్థిరపడింది కనుక, కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో కొత్తగా చేరిన తెలుగువారు 'ఆకస్మిక్ అవకాశ్' అన్న మాటను అనుకోకుండా తలుపు తట్టిన అదృష్టంగాను, పదవీ విరమణ చేసినవారిని సూచించే 'అవకాశ్‌ప్రాప్త్' అన్న మాటను అప్పుడే పదవి దక్కినవారికి బిరుదుగాను చదువుకొనే ప్రమాదముంది. మలయాళంలో ఇది హక్కు. 2005 నాటి సమాచార హక్కు చట్టం అక్కడ 'వివరావకాశ నియమం'. ఆస్తిలో ఒకరికి ఉన్న చోటే వారి హక్కు అనుకుంటే ఈ అర్థం మూలానికి అంత దూరమేమీ కాదు. కన్నడం మనతోనే ఉంది.

తెలుగులో చోటు, తీరిక పూర్తిగా పోయాయని తొందరపడకండి. 'సావకాశంగా మాట్లాడుకుందాం' అన్నప్పుడు మనం అదృష్టం గురించి మాట్లాడడం లేదు. బెంగాలీల తీరిక మన ఇంట్లోనే ఉంది. మహారాష్ట్ర రోడ్ల మీద బండ్లను 'సావకాశ్' నడపమనే హెచ్చరిక కూడా ఇదే మాట. ఇక 'అలా అనుకోవడానికి అవకాశం లేదు' అనే వాక్యంలో అవకాశం తీసి 'చోటు' పెట్టి చూస్తే, అర్థం చెక్కు చెదరదు. నిఘంటువు తెరవడానికి ముందు నేను చేసే మొదటి పని ఇదే: పాత అర్థాన్ని నేటి వాక్యంలో కూర్చోబెట్టి చూడడం. పద్ధతి ప్రకారం ఇది చివర చేయవలసిన పని, కాని నాకు ఇలాగే కుదిరింది.

అభ్యాసానికి 'ఉద్యోగం' తీసుకోండి. మహాభారతంలోని ఉద్యోగపర్వంలో ఎవరూ కొలువు వెతుక్కోరు. హిందీలో ఉద్యోగ్ అంటే పరిశ్రమ. కనీసం నాలుగు భాషలలో ఈ మాట అర్థాలు సేకరించి, ప్రతి భాష నుంచి రెండేసి సమాసాలు చూపి, ఉపసర్గను ధాతువుతో సంధి చేసి రాయండి. బెత్తం కథల వంటివి ఈసారి దిద్దను.