అరిజోనా కొండల బదనిక షీట్లు చూడటం ఎలా

సైనెట్ పోర్టల్ (ఎండబెట్టి కాగితాలకి అతికించిన మొక్కల నమూనాలు, అంటే హెర్బేరియం షీట్లు, ఆన్‌లైన్‌లో చూపించే సైట్) ఓపెన్ చేసి ఫోరాడెండ్రాన్ (బదనికల్లో ఒక జీనస్, అంటే ప్రజాతి) అని కొట్టండి, కౌంటీ దగ్గర పిమా పెట్టండి, టూసాన్ పక్కనున్న శాంటా కాటలీనా కొండల షీట్లు కూడా వాటిలో వచ్చేస్తాయి. లేబుల్ మీద ముందు చూడాల్సింది పేరు కాదండి, అది ఏ చెట్టు మీద పెరిగిందో అది చూడాలి, ఎందుకంటే కింద ఎడారిలో మెస్కీట్ (మన సర్కారు తుమ్మకి చుట్టమే), పాలోవర్డే చెట్ల మీద ఉండేది కాలిఫోర్నికమ్ అనే జాతి, పైకెళ్తే జునిపర్ చెట్టు మీద జునిపెరినమ్, ఇంకా పైన పాండెరోసా పైన్ మీదైతే జీనసే వేరు, ఆర్సియుథోబియమ్ అని విడిగా వెతకాలి. చెట్టు పేరు రాయలేదా? ఫొటో జూమ్ చేయండి, చాలాసార్లు బదనికతో పాటు ఆ చెట్టు కొమ్మ ముక్క కూడా అతికించి ఉంటుంది, ముల్లు కనిపిస్తే సగం పని అయిపోయినట్టే. పాత లేబుళ్ళలో ఎత్తు అడుగుల్లో ఉంటుంది, మీటర్లు అనుకోకండి ప్లీజ్.