యాటిక్‌లో ఇన్సులేషన్ పోయించే ముందు

డాలస్‌లోనో అట్లాంటాలోనో ఇల్లు కొన్న మనవాళ్లు మొదటి ఎండాకాలం కరెంటు బిల్లు చూడగానే యాటిక్‌లో, అంటే సీలింగ్‌కీ పైకప్పుకీ మధ్య ఉండే ఖాళీలో, వేడిని ఆపే ఇన్సులేషన్ పోయించేస్తారు. మంచిదే, కానీ ముందు సందులు మూయండి. వైర్లు, పైపులు సీలింగ్‌లోంచి పైకి వెళ్లే కన్నాలకు ఫోమ్ కొడితే చాలు. ఇంటిని వేడిచేసే ఫర్నేస్ పొగగొట్టం చుట్టూ మాత్రం ఫోమ్ వద్దు, రేకు, వేడికి తట్టుకునే సీలెంట్ వాడాలి. యాటిక్‌లోకి ఎక్కే తలుపు అంచుకు రబ్బరు పట్టీ అంటించండి. సందుల్లోంచి ఏసీ గాలి పోతుంటే పైన ఎంత పోసినా పూర్తి ఫలితం ఉండదు.

బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం ఎక్కడ తేలిందో కూడా చూడండి. మా ఇంట్లో అది యాటిక్‌లోనే ఆగిపోయింది! ఆ తేమకు చెక్క బూజు పడుతుంది. గొట్టం ఇంటి బయటికే వెళ్లాలి.

ఇక మందం. ఇన్సులేషన్ వేడిని ఎంత ఆపుతుందో ‘ఆర్’ విలువ చెబుతుంది. డాలస్, అట్లాంటా ప్రాంతాలకు ఆర్-49 సరిపోతుంది, కాగితపు పీచుతో చేసే సెల్యులోజ్ అయితే సుమారు 14 అంగుళాలు. పోసేవాళ్లు చూరు కింది సాఫిట్ వెంట్లను (గాలి వచ్చే కన్నాలను) కప్పేయకుండా ముందే అక్కడ బాఫిల్స్ (గాలికి దారి ఉంచే అడ్డుపలకలు) పెట్టించండి. గాలి చూరు దగ్గర లోపలికొచ్చి, పైకప్పు కొసన ఉండే రిడ్జ్ వెంట్ గుండా పోవాలి. యాటిక్‌లో కరెంటు ఫ్యాన్ పెట్టిస్తామంటే నేనైతే వద్దంటాను, చాలాసార్లు అది ఇంట్లోని చల్లగాలినే లాగేస్తుంది.

మీరే ఎక్కితే తెల్లవారుజామునే, మాస్కు వేసుకుని ఎక్కండి. కాలు దూలాల మీదే వేయాలి, జిప్సమ్ బోర్డు మనిషి బరువు ఆపదు.